బాయిలర్ చల్లారితే చల్లారనివ్వండి

ధనుర్మాసం పట్టిందంటే కోనసీమ పెరళ్ళలో ఒకటే గోల. "బాయిలర్ వేడి నిలవటం లేదండీ" అని అమలాపురంలో అంటారు, రాజోలులో అంటారు, కొత్తపేటలో అంటారు. తెల్లవారుజామున ఐదింటికి రాజేస్తే ఆరింటికల్లా పొగలు చిమ్మిన నీళ్ళు, ఎనిమిదింటికి అబ్బాయి నిద్ర లేచేసరికి గోరువెచ్చగా దిగిపోయాయని ఫిర్యాదు. దీనికి సలహాలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. గోనెసంచి చుట్టమని ఒకరు, కొబ్బరి డొక్కలు ఇంకాస్త దట్టించమని ఒకరు, ఆ పాత రాగి సామాను తూకానికి ఇచ్చేసి గీజరు పెట్టించుకోమని మిగతా ఊరంతా.

నేను చెప్పేది వీటన్నిటికీ అడ్డంగా ఉంటుంది. వేడి నిలవలేదని బాయిలర్‌కు వైద్యం చేయించకండి. చల్లారేదాన్ని చల్లారనివ్వండి. మారవలసింది ఇంట్లోవాళ్ళు లేచే వేళ. ఎనిమిదింటికి లేచే అబ్బాయి కోసం మూడు గంటలపాటు నీళ్ళకు కాపలా కాయడం డొక్కలకూ దండగ, ఇంటి ఇల్లాలికీ దండగ. ఇది తిక్క సలహా అని మా వీధిలోనే అంటారు. అననివ్వండి. బాయిలర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిస్తే ఆ మాట అనరు.

రాగి బాయిలర్ నిలువుగా ఉండే గుండ్రని పాత్ర. దాని నడుమ పైనుంచి కింది దాకా ఒక గొట్టం ఉంటుంది. గొట్టం అడుగున ఊచల జల్లెడ, జల్లెడ కింద బూడిద పడే జాగా. నిప్పు ఉండేది గొట్టంలో, నీళ్ళు ఉండేది గొట్టం చుట్టూ. మంట నీళ్ళ కింద మండి పక్కలకు పారిపోకుండా నీళ్ళ నడుమ మండుతుంది కాబట్టి, కట్టెలపొయ్యి మీద పెట్టిన గంగాళం కంటే ఇందులో నీళ్ళు తొందరగా కాగుతాయి. పక్కన గరాటు ఉన్న రకానికి కుళాయి అక్కర్లేదు. గరాటులో పోసిన చన్నీళ్ళు లోపలి సన్నగొట్టం గుండా అడుగుకు చేరతాయి, పైన తేలి ఉన్న వేణ్ణీళ్ళు మూతిలోంచి బయటికి పొర్లుతాయి. చెంబు పోస్తే చెంబు వస్తుంది.

ఇప్పుడు నిప్పు ఆరిందనుకోండి. గొట్టం మాత్రం వేడిగానే ఉంటుంది, చుట్టూ వేణ్ణీళ్ళున్నాయి కదా. లోపలి గాలి వేడెక్కి, తేలికై, పైకి పోతుంది. అడుగునుంచి చల్లగాలి ఆ చోట్లోకి వస్తుంది. అదీ వేడెక్కుతుంది, అదీ పోతుంది. ఇందాక నీళ్ళను కాచిన గొట్టమే ఇప్పుడు వాటిని చల్లారుస్తుంది. పైగా రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పాతిక రెట్లు సులువుగా వేడిని దాటనిస్తుంది. లోపలికి ఎంత సులువో బయటికీ అంతే సులువు. తొందరగా కాగే బాయిలరే తొందరగా చల్లారుతుంది. ఈ రెండింటినీ విడదీయమని అడగడం వస్తువు మీద అన్యాయం.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మన పిల్లలు ఫోనులో ఇదే ఫిర్యాదు చేస్తారు, అక్కడ గోడకున్న రేడియేటర్ గురించి. "కాసేపు వేడెక్కి చల్లారిపోతోంది నాన్నగారూ" అంటారు. తన వేడిని గదికి ఇచ్చేయడమే రేడియేటర్ పని. వేడి దాచుకునే రేడియేటర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అసలు వేడే ఎక్కకపోతే మాత్రం అది వేరే జబ్బు. వేణ్ణీళ్ళు తిరిగే రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. యంత్రం ఆపి, చల్లారాక, పక్కనున్న చిన్న మరను దాని తాళంచెవితో కొద్దిగా తిప్పితే గాలి బుసకొట్టి పోతుంది, నీళ్ళు చిమ్మగానే బిగించేయాలి. పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకుంది, దానికి కడిగించాలి. న్యూయార్క్ నగరంలో అయితే అద్దె ఇంటివాళ్ళకు చట్టమే అండ. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, పగటిపూట బయట 55 ఫారన్‌హీట్ కంటే తగ్గితే ఇంట్లో 68 ఉండేలా యజమాని చూడాలి, రాత్రిళ్ళు బయట ఎంతున్నా ఇంట్లో 62 ఉండాలి. ఆ 68 అంటే మన లెక్కలో 20 డిగ్రీలు. అక్కడ చట్టం పెట్టి ఇప్పించే వెచ్చదనం, ఇక్కడ పుష్యమాసంలో మనం దుప్పటి ముసుగెట్టుకునే తెల్లవారుజాము చలి!

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒకటే: మీ బాయిలర్‌లో వేడి నిలవటం లేదా, అసలు వేడి పుట్టటమే లేదా? మంట ఆగిన వెంటనే ఒక చెంబుడు నీళ్ళు తీసి చూడండి. వేలు ముంచి చూడొద్దు. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి, పసిపిల్లలకైతే ఇంకా తొందరగా. మందుల షాపులో జ్వరం చూసుకునేది కాకుండా, వంటకు వాడే ఉష్ణమాపకం ఒకటి కొనుక్కోండి. నిప్పు ఆరేవేళకు 55కి అటూఇటూ ఉంటే బాయిలర్ ఆరోగ్యంగా ఉన్నట్టే, ఇక దాన్ని ఏమీ అనకండి. 40 దగ్గరే ఆగిపోయిందా, అప్పుడు మంట దగ్గరికి రండి.

కోనసీమలో బాయిలర్‌కు కొబ్బరిచెట్టే దిక్కు. డొక్కలు, మట్టలు, ఎండు కమ్మలు, చిప్పలు. దింపు, వలుపు అయిపోయాక ఒకప్పుడు డొక్కలు తోటలోనే గుట్టలుగా పడి ఉండేవి. ఇప్పుడు పీచు పరిశ్రమలు కొంటున్నాయి, ట్రాక్టర్ల మీద పోతున్నాయి. పోతే పోనీయండి, కానీ ఇంటికి సరిపడా ముందే తీసి పెట్టుకోండి. అదీ ఎండల్లోనే. ఎందుకంటే డొక్కకు తడి పీల్చుకోవడంలో సాటి లేదు. పీచు మధ్య ఉండే పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పట్టి ఉంచుతుంది. అందుకే నర్సరీల వాళ్ళు దాన్ని మొక్కలకు వాడతారు. మన తుపానులు వచ్చేది ఆశ్వయుజ కార్తీకాల్లో. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుపాను కూడా ఆ రోజుల్లోదే. అంటే చలి మొదలవడానికి సరిగ్గా ముందు, బయట పడేసిన డొక్కలన్నీ నీళ్ళు తాగి కూర్చుంటాయి. పైన ఆరినట్టు కనిపిస్తాయి, లోపల తడి.

ఆ తడి ఎంత తింటుందో లెక్క చూడండి. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకేలరీలు కావాలి. అంతే వేడితో 20 లీటర్ల నీళ్ళను 27 డిగ్రీల నుంచి 57కి తీసుకుపోవచ్చు. మీ గంపెడు డొక్కల్లో లీటరు తడి ఉందంటే, ఇద్దరి స్నానపు నీళ్ళు పొగగా పైకి పోయాయన్నమాట. కళ్ళు మండించే ఆ తెల్లటి పొగే దానికి సాక్ష్యం. సరిగ్గా ఎండిన డొక్కకు మొదటి రెండు నిమిషాలు తప్పితే అంత పొగ రాదు. అటక మీదో, వంటపాక చూరు కిందో, నేలకు తగలకుండా చెక్కబద్దల మీద పేర్చుకోండి. పట్టా కప్పి గాలి ఆడకుండా బిగించేస్తే లోపలి చెమ్మ లోపలే ఉంటుంది.

ఇక అందరూ చేసే పని దట్టించడం. మంట చాలలేదనగానే ఇంకో నాలుగు డొక్కలు గొట్టంలో కుక్కుతారు. నా మాట విని రెండు తీసేయండి. గొట్టం నిండిపోతే గాలి రాదు, గాలి లేని డొక్క మండదు, కుములుతుంది. కుమిలే డొక్క వేడి తక్కువిచ్చి మసి ఎక్కువిస్తుంది. గొట్టంలో సగానికి మించి ఎప్పుడూ వేయకండి. అడుగున రెండు చిప్ప ముక్కలు, మీద ఎండు కమ్మ, ఆ మీద ముక్కలు చేసిన డొక్క. పది పన్నెండు నిమిషాలకొకసారి ఒక ముక్క. ఒకేసారి నింపేసి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళకు బాయిలర్ లొంగదు, దగ్గర పీట వేసుకుని కూర్చున్నవాళ్ళకు లొంగుతుంది. ముట్టించేముందు నిన్నటి బూడిద దులపండి. బూడిద జల్లెడకు అడ్డం పడితే ఎంత మంచి డొక్కయినా పనికిరాదు.

ఆ బూడిదను పారేయొద్దు. కొబ్బరి డొక్కలో పొటాష్ ఎక్కువ, కొబ్బరిచెట్టు మట్టిలోంచి ఎక్కువగా లాగేదీ పొటాషే. సముద్రం వైపు ఇసుక నేలల్లో అది నిలవదు, వానకు కడుక్కుపోతుంది. చల్లారిన బూడిదను చెట్టు చుట్టూ పళ్ళెంలో చల్లి మట్టి కలపండి. అరటికీ మంచిదే.

నీళ్ళ సంగతిలో నా సలహా ఇంకా ఎదురుగా ఉంటుంది. మేడ మీది ట్యాంకు కుళాయి తిప్పి బాయిలర్ నింపకండి. తెల్లవారుజామున లేచి బోరింగు కొట్టి నింపండి. ట్యాంకు రాత్రంతా మంచులో నిలబడి, లోపలి నీళ్ళు గాలితో పాటు 20 డిగ్రీలకు దిగి ఉంటాయి. భూమి లోపలి నీళ్ళు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడిలో, 27కు అటూఇటూ ఉంటాయి. చలికాలం నూతి నీళ్ళు వెచ్చగా తగిలేది అందుకే. 20 నుంచి 55కి పోవాలంటే 35 డిగ్రీలు ఎక్కాలి, 27 నుంచైతే 28 చాలు. చేతులు నొప్పెట్టినా ఐదో వంతు డొక్కలు మిగిలాయి, ఒళ్ళూ వేడెక్కింది.

అయితే ఏ బోరింగు నీళ్ళు అన్నది చూసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువల్లో మన పొలాలకు వచ్చాయి. వైనతేయ పాయ మీదుగా గన్నవరం అక్విడక్టు కట్టాక లోపలి లంకలకూ అందాయి. కాలువ పక్క ఊళ్ళలో ఆ ఊట వల్ల నూతులు తియ్యగా ఉంటాయి. సముద్రం దగ్గరపడేకొద్దీ, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వెళ్ళేకొద్దీ, లోతు బోర్లలో ఉప్పు తగులుతుంది. అలాంటి చోట బోరింగు మాట మరచిపోయి, చెరువు నీళ్ళో కాలువ నీళ్ళో రాత్రే బిందెల్లో తేర్చి, గుడ్డలో వడగట్టి, వంటింట్లో పెట్టుకోండి. ఆరుబయట పెట్టకండి. తేర్చకుండా పోస్తే ఒండ్రు బాయిలర్ అడుగున పేరుకుంటుంది, ఇందాక చెప్పిన రేడియేటర్ మడ్డి జబ్బే ఇదీ.

కఠిన జలంలో కరిగి ఉన్న సున్నం కాగినప్పుడు విడిపోయి గొట్టానికి తెల్లగా పడుతుంది. ఆ పొర రాగి కంటే వందల రెట్లు మొండిగా వేడిని అడ్డుకుంటుంది. నిమ్మకాయల రసమో చింతపండు పులుసో నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టి, తెల్లారి పారబోసి రెండుసార్లు కడిగితే చాలావరకు వదులుతుంది. సుత్తితో తట్టి రాల్చే పని మాత్రం పెట్టుకోకండి. అతుకులు కదులుతాయి.

సున్నం కంటే మసి పెద్ద శత్రువు. అయినా చేసే పని తలకిందులుగా చేస్తారు చాలామంది. గొట్టం లోపల మసి ఏళ్ళ తరబడి ఉంటుంది, ఎవరికీ కనిపించదు కనుక ఎవరూ ముట్టరు. వారానికోసారి, చల్లారిన గొట్టంలో, కర్రకు కట్టిన కొబ్బరిపీచు కుచ్చుతో పైనుంచి కిందికి రుద్దండి. పది నిమిషాల పని. చల్లారిన నీళ్ళ మీద పెట్టే బెంగలో సగం దీని మీద పెట్టినా చాలు.

ఇక బయటి వైపు. భోగి ముందు అమ్మమ్మలు చింతపండు, ఉప్పు, ముగ్గు పట్టించి బాయిలర్‌ను తోమించేవారు. ఇప్పటివాళ్ళు అదంతా పైపై షోకు అని మానేశారు. నేనేమంటానంటే, ఇంట్లో ఏ పని ఆపినా ఇది ఆపకండి. మెరిసే రాగి తన ఒంటిమీది వేడిని బయటికి వెదజల్లడంలో మహా పిసినారి. నల్లబడి చిలుము పట్టిన రాగి అదే వేడిని దానికి పదిరెట్లకు పైగా వదిలేస్తుంది. గాలికి తగిలి పోయే వేడి ఎలాగూ పోతుంది, కానీ ఇలా వెదజల్లే భాగం తోమిన బాయిలర్‌లో దాదాపు లేనట్టే. గోనెసంచి చుట్టడం కంటే చింతపండు మేలు. గోనె తడిస్తే చల్లబరుస్తుంది, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

మూత గురించి జాగ్రత్తగా చదవండి. నిప్పు పూర్తిగా ఆరి, గొట్టంలో ఒక్క కణిక కూడా ఎర్రగా లేనప్పుడు, గొట్టం పైన రేకుమూత పెట్టి, అడుగున బూడిద జాగాకు ఒక ఇటుక అడ్డం పెడితే ఇందాక చెప్పిన గాలి పరుగు ఆగుతుంది. చల్లారడం నెమ్మదిస్తుంది. కానీ నిప్పు కణికలుండగా మూత పెట్టకూడదు. గాలి చాలని నిప్పులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనట్టు కూడా ముందు తెలియదు. ఈ కారణం వల్లే బాయిలర్‌ను స్నానాలగదిలోకి తేకూడదు. చలికి తలుపులు బిగించుకుని బాలింత గదిలో కుంపటి పెట్టేవాళ్ళకూ ఇదే చెబుతున్నాను. సాంబ్రాణి ధూపం వేయండి, తలుపు తీసి వేయండి, కాసేపటికి నిప్పు బయట పెట్టేయండి. తల్లీ బిడ్డా ఉన్న గదిలో నిప్పు కాపురం ఉండకూడదు.

ఇంకొకటి. మూతిలోంచి ఆవిరి పోతోందని గుడ్డ కుక్కేవాళ్ళున్నారు. మేడ మీది ట్యాంకు నుంచి పైపు తెచ్చి, అటూ ఇటూ వాల్వులు బిగించి, బాయిలర్‌ను మూసేసిన డబ్బాగా మార్చేవాళ్ళూ ఉన్నారు. దారి లేని ఆవిరి రాగిని చీల్చుకుని పోతుంది. వేడి నిలబెట్టాలన్న ఆరాటం మనిషిని ఇక్కడిదాకా తెస్తుంది కనుకనే ఆ ఆరాటమే వద్దంటున్నాను. ఆవిరి మూతి ఎప్పుడూ తెరిచి ఉండాలి. నీళ్ళు నిండకుండా నిప్పు పెట్టకూడదు. నీళ్ళు అందని గొట్టం పైభాగంలో మంట తగిలితే అతుకు కరిగి కారడం మొదలవుతుంది.

గీజరు కొనుక్కోమనేవాళ్ళకు నా జవాబు. కొనుక్కున్నవాళ్ళను తప్పుపట్టను. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకు, నిప్పు దగ్గర వంగలేనివాళ్ళకు అది కావాలి. ఎర్తు సరిగ్గా ఉండేలా చూసుకుని పెట్టించుకోండి. కానీ "బటన్ నొక్కితే వేడి నిలుస్తుంది" అన్న మాట నమ్మి కొనకండి. గీజరు కూడా చల్లారుతుంది. చల్లారినప్పుడల్లా తనంతట తనే కరెంటు తాగి మళ్ళీ కాగుతుంది కాబట్టి మీకు తెలియదంతే. లైను చివర ఊళ్ళలో సాయంత్రం, పొద్దున్న వోల్టేజి పడిపోతే దాని సంగతి చూడండి. 230కి బదులు 180 వోల్టులే వస్తే, 2000 వాట్ల గీజరు 1225 వాట్ల పని మాత్రమే చేస్తుంది. పావుగంట పని పాతిక నిమిషాలవుతుంది. "గీజరు పాడైందండీ" అని మెకానిక్‌ను పిలుస్తారు. అది పాడవలేదు. ఇంకా ప్రమాదమైనది బకెట్లో వేలాడదీసే ఇమ్మర్షన్ రాడ్డు. స్విచ్ ఆపకుండా నీళ్ళు ముట్టుకుని పోయిన ప్రాణాలు ఎన్నో. దానికి నా ఇంట్లో చోటు లేదు, మీ ఇంట్లోనూ ఉండకూడదని కోరుకుంటాను.

మన కాళ్ళ కింద గ్యాసు ఉంది, గ్యాసు గీజరు పెట్టుకుంటే నిమిషం ఆగకుండా వేణ్ణీళ్ళు అని మరో మాట. గ్యాసు గీజరును కిటికీ లేని స్నానాలగదిలో బిగిస్తే ఇందాక చెప్పిన విషవాయువే అక్కడా వస్తుంది. ఆగని వేడి ఎలా ఉంటుందో ఈ సీమకు ఒకసారి తెలిసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి ఎగదన్నింది. సరిగ్గా పండగ ముందు. 65 రోజులపాటు ఆ మంట ఆరలేదు. ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. రాత్రి పగలులా ఉన్న ఆ రోజులు చూసినవాళ్ళకు, మనం ఆర్పాలనుకున్నప్పుడు ఆరిపోయే నిప్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు సలహా, స్నానాల వరుస. నలుగురున్న ఇంట్లో నిప్పు ఆరిన గంటలోపు అందరి స్నానాలూ అయిపోవాలి. ముందు ఒంటికి నూనె రాసుకుని ఉన్నవాళ్ళు, నలుగు పెట్టించుకున్న పిల్లలు. తర్వాత బడికి, పనికి పోయేవాళ్ళు. చివర, నిప్పు దగ్గర కూర్చున్నవాళ్ళు. వాళ్ళకు అప్పటికే ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేణ్ణీళ్ళు తొరపండి. ముందు వేడి పోసి పిల్లలు అందులో చెయ్యి పెట్టిన ఇళ్ళు ఉన్నాయి. గరాటులో చన్నీళ్ళు సన్నధారగా పోయండి. ధారాళంగా కుమ్మరిస్తే లోపల చల్లవీ వేడివీ కలిసిపోయి రెండో చెంబుకే నులివెచ్చ వస్తుంది. సన్నగా పోసినా అలాగే వస్తుంటే గరాటు కింద లోపలి గొట్టం విరిగిందని అర్థం, చన్నీళ్ళు అడుగుకు పోకుండా పైనే కలుస్తున్నాయి. ఇది ఒక్కటి నిజమైన రోగం, దీనికి మాత్రం పనివాడు కావాలి.

భోగినాడు ఇల్లు నిండా చుట్టాలుంటారు. ఆ రోజు కూడా వరుస మార్చకండి. "అల్లుడుగారు ఇంకా లేవలేదు, మళ్ళీ రాజెయ్యమంటారా?" అని అత్తగారు అడుగుతుంది. వద్దండి. మంచి మాటగా వెళ్ళి లేపండి. "బాబూ, నీళ్ళు కాగాయి, భోగిమంట దగ్గర అందరూ మీకోసం చూస్తున్నారు" అంటే లేవని అల్లుడు ఉండడు. ఒకరి నిద్ర కోసం రెండోసారి నిప్పు రాజేస్తే ఆ పొగలో కూర్చునేది మళ్ళీ ఆ ఇంటి ఆడవాళ్ళే. వాళ్ళు కూడా తలంటు పోసుకుని, కొత్తచీర కట్టుకుని, ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టుకోవాలి. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు చూడ్డానికి అందరితోపాటు బయల్దేరాలి. నీళ్ళు చల్లారతాయన్న తొందర ఒకటి ఉండబట్టే ఇల్లంతా ఒక వేళకు లేస్తోంది. మిగిలిన గోరువెచ్చని నీళ్ళు పది గంటలకు అంట్లకు పనికొస్తాయి, జిడ్డు బాగా వదులుతుంది.

రాగి ధర చూసి ఆశపడేవాళ్ళ మాట చివరికి మిగిల్చాను. పాత సామాన్ల బండి వీధిలోకి వస్తుంది. "వేడి నిలవనిది ఎందుకమ్మా, స్టీలు గిన్నెలు ఇస్తాను" అంటాడు. ఇవ్వకండి. కారుతున్నా ఇవ్వకండి. వసిష్ఠ పాయ దాటితే ఇత్తడి సామానుకు పేరుమోసిన అజ్జరం ఉంది. చించినాడ వంతెన వచ్చాక రాజోలువాళ్ళకు అటు వెళ్ళడం కష్టమూ కాదు. దగ్గర్లో మాట్లు వేసే కంచరి ఉంటే ఇంకా మంచిది, ఆ చేతిపనికి ఇవాళ అడిగేవాళ్ళు తక్కువయ్యారు. వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో ఇవ్వండి. పెళ్ళిళ్ళ సామాను పనిలో ఉంటే నాలుగు రోజులు ఆగండి, తొందరపెట్టకండి. తెచ్చాక నిండా నీళ్ళు పోసి, పొడి సిమెంటు గచ్చు మీద ఒక రాత్రి ఉంచండి. తెల్లారి గచ్చు తడి లేకపోతే నీళ్ళు వంపి, ఒక పూట ఎండలో బోర్లించి, గొట్టంలో ఎలుకలు దూరకుండా గుడ్డ కట్టి, దసరా దాకా అటక ఎక్కించండి. రాజేసేముందు ఆ గుడ్డ తీయడం మరవకండి.